వంక దొరకని వ్యాన్

రెండేళ్ళలో ఐదు సెకండ్ హ్యాండ్ డీజిల్ వ్యాన్లు చూశాను. కలిగిరిలో ఒకటి, వరికుంటపాడులో ఒకటి, మిగతావి ఉదయగిరిలోనే. అన్నిటికీ వంక పెట్టాను. ఒకటి తుప్పు పట్టిందన్నాను. ఒకదానికి కాగితాలు సరిగా లేవన్నాను. ఇంకోదాని రంగు నచ్చలేదన్నాను. "గొర్రెల్ని ఎక్కించే బండికి రంగెందుకన్నా?" అని బ్రోకరు నవ్వాడు. ఒళ్ళు మండి, నీ పని నువ్వు చూసుకో అని వచ్చేశాను.

అసలు సంగతి వేరే. తమ్ముడు బతికుండగానే నాయన వ్యాన్ కొందామన్నాడు. నేనే అడ్డం పడ్డాను. "గొర్రెలకు కాళ్ళుండాయి గదా, డీజిలెందుకు?" అని పెద్ద తెలివైనవాడిలా మాట్లాడాను. ఆ నెలలోనే, అమ్మకానికి పొట్టేళ్ళను ఆత్మకూరుకు తోలుకుపోతున్న తమ్ముణ్ణి పొగమంచులో లారీ గుద్దేసింది.

నేనన్న ఆ మాటను నాయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు వ్యాన్ కొంటే, అప్పుడూ కొనగలిగేవాళ్ళమని ఒప్పుకున్నట్టే. పైగా ఏ వ్యాన్ ఎక్కి అద్దంలోకి చూసినా, వెనక కర్ర పట్టుకుని వాడు నడిచి వస్తున్నట్టే ఉండేది. కొనకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. నేనూ నాయనా వంతులేసుకుని అదే రోడ్డున గొర్రెల్ని తోలేవాళ్ళం. ఆయన వంతు రోజున ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడేవాణ్ణి.

ఆరో వ్యాన్ ఆత్మకూరులో చూశాం. నాయన కూడా వచ్చాడు. ఆ ఊరి మెకానిక్ బండి కింద దూరి చూశాడు, సంగం దాకా నడిపి చూశాడు. "ఇంజన్ బంగారమన్నా, కళ్ళు మూసుకుని తీసుకో," అన్నాడు. నేను పొగగొట్టం వైపు చెయ్యి చూపించాను.

"పొగ ఎక్కువొస్తా ఉండాది. వద్దులే నాయనా."

నాయన బండి వెనక్కి పోయి, పొగగొట్టానికి తన తువ్వాలు అడ్డం పట్టాడు. తెచ్చి నా ముందు పరిచాడు. పెద్దగా మసి అంటలేదు.

"ఇంకెన్ని బండ్లకు వంకలు పెడతావురా? వ్యాన్ వద్దన్నది నువ్వే, నిజమే. మంచు పడతా ఉండాది, రేపు పోతా నాయనా అని వాడు మొత్తుకుంటే, ఈ పొద్దే పొమ్మని తరిమినోణ్ణి నేను. అది నీకెప్పుడన్నా చెప్పినానా?"

నాకు తెలియదు. ఇన్నాళ్ళూ ఎవరి పాపం వాళ్ళం దాచుకుని, ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. నడిరోడ్డు మీద నాకు ఏడుపాగలేదు.

బండి తీసుకున్నాం. ముందు సీట్లో ముగ్గురు పడతారు. నాయన ఎక్కి, మధ్యలో ఒక మనిషికి చోటు వదిలి, తలుపు వారగా ఒదిగి కూర్చున్నాడు. ఇటు జరగమని నేను అనలేదు. ఉదయగిరి దాకా అట్లాగే వచ్చాం.