నోట్లో మేకులున్న మనిషి

మొన్న మంగళవారం పొద్దున, ఎండ ఇంకా గడప దాటకముందే, మా ఆయన యోసేపు పోయాడు. నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ సోఫా ఉన్న ఇంటివాళ్లకు సోఫా పని యోసేపు అంటే చాలు, ఇంకో గుర్తు అక్కర్లేదు. మా ముందరి గదిలో, మా సొంత సోఫాను తలకిందులుగా తిప్పి పెట్టుకొని, దాని చెక్కకు తల ఆనించి, చేతిలో సుత్తి ఉండగానే పోయాడు. పెదవుల మధ్య మూడు మేకులున్నాయి. వాటిని నా వేళ్లతో నేనే తీశాను.

ఆ మేకుల సంగతి తెలియనివాళ్లకు ముందు చెప్పాలి. ఆయన పని మొదలుపెట్టేటప్పుడు చిన్న మేకులు పిడికెడు తీసి నోట్లో పోసుకునేవాడు. ఒక చెయ్యి గుడ్డను బిగపట్టి ఉంటుంది, ఇంకో చేతిలో సుత్తి ఉంటుంది. మేకులు పెట్టుకోవడానికి ఇంక నోరే కదా మిగిలేది. నాలుకతో ఒక్కొక్కటి పెదవుల మీదికి తోయడం, తీయడం, కొట్టడం. ముప్పై నాలుగేళ్ల కాపురంలో పని వేళ ఆయన నాకు మాటతో జవాబు చెప్పింది లేదు. ఊఁ అంటే సరే. ఊహూఁ అంటే వద్దు. ఏమీ అనకపోతే నోట్లో మేకులు ఎక్కువున్నాయని నేను అర్థం చేసుకోవాలి.

ఆ పొద్దున వంటింట్లోంచి టీ తాగుతావా అని అడిగాను. జవాబు లేదు. గ్యాసుకు చెప్పావా అని అడిగాను. జవాబు లేదు. నాకు కోపమొచ్చింది. ఇంట్లో ఒక మనిషి గొంతు చించుకుంటుంటే ఊఁ అనడానికి కూడా నీకు బరువా అని తిట్టాను. టీ చల్లారిపోయేదాకా తిట్టాను. చచ్చిపోయిన మనిషిని, నోట్లో మేకులున్నాయనుకొని తిట్టాను. ఈ భూమ్మీద ఇంకే పెళ్లామూ ఇలాంటి తప్పు చేసి ఉండదు. దీనికి నన్ను ఎవరూ ఓదార్చొద్దు.

మూడో రోజు మా చర్చి సంఘపెద్ద దానియేలన్న ఒక కాగితం రాసుకొచ్చాడు. వచ్చే ఆదివారం మా ఇంటి ముందర జ్ఞాపకార్థ కూడిక ఉంది కదా, ఆ రోజు అందరికీ పంచే చిన్న పుస్తకంలో వేయడానికి. "కీర్తిశేషులు యోసేపు గారు మితభాషి, వినయసంపన్నులు, జీవితకాలమంతా ఎవరినీ పల్లెత్తు మాట అనని సాత్త్వికమూర్తి" అని గట్టిగా చదివి, తానే కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాటలు సగం నాకు అందలేదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు సునీత. ఆ పిల్లను అర్థం అడిగాను. చెప్పింది. ఒళ్లు మండింది.

మితభాషి అంట. నోటి నిండా ఇనుము పెట్టుకున్నవాడు ఎంత మాట్లాడతాడు? పని చేస్తున్నంతసేపే మీరు ఆయన్ను చూశారు. మేకులు అరచేతిలోకి ఉమ్మేశాక ఆయన ఏమనేవాడో మీలో కొందరికి బాగా తెలుసు. తెలిసినవాళ్లు చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంటికి పోయినా సోఫాను ముందు ముట్టడు. ఇంట్లో అందరినీ పిలిచి, రోజూ ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చోమంటాడు. తాను నేల మీద గొంతుక్కూర్చొని చూస్తాడు. లావుపాటి మనిషి వైపు సీటు కింద అల్లే పట్టీలు దగ్గర దగ్గరగా పడాలి. మోకాళ్ల నొప్పుల అవ్వ వైపు సీటు గట్టిగా, ఒక వేలెడు ఎత్తుగా ఉండాలి, లేకపోతే ఆమె లేవలేదు. పిల్లలు ఎగిరే చోట స్ప్రింగులకు రెండు కట్లు. ఒకే సోఫాలో మూడు సీట్లు మూడు రకాలుగా కట్టేవాడు. "మనిషి యాడ కూర్చుంటాడో గుడ్డే చెప్తాది మార్తా, నేను అడిగేది ఊరికే" అనేవాడు నాతో.

నంద్యాలలోనే ఒక టీచరు గారింట్లో ఇలాగే అందర్నీ కూర్చోబెట్టాడు. టీచరు కూర్చున్నాడు, ఆయన తల్లి కూర్చుంది. రెండు సీట్లూ అడుగంటిపోయి ఉన్నాయి. మూడోది మాత్రం అంగడిలోంచి తెచ్చినట్టే ఉంది. ఈ సీటులో కూర్చోకుండా ఉండేది ఎవరని అడిగాడు. అందరి చూపులూ వంటింటి వైపు పోయాయి. అక్కడ కోడలు చపాతీలు ఒత్తుతోంది. ఈయన నోట్లో పోసుకోబోతున్న మేకులు చేతిలోనే ఉంచుకొని ఆ పిల్లను పిలిచాడు.

"రామ్మా, వచ్చి కూర్చో. నువ్వు కూర్చోకుంటే ఈ పట్టీ ఎంత బిగించాల్నో నాకు ఎట్ల తెలుస్తాది?"

అత్తకు ఒళ్లు మండింది. "దానికి కూర్చునే తీరిక యాడుండాది? నీ పని నువ్వు చూసుకో అప్పా" అంది.

"నా పనే చూస్తాండానమ్మా. మూడు సీట్లకని పిలిస్తిరి. రెండే చాలంటే చెప్పండి, మూడోది కోసేసి పోతా."

ఆ పిల్ల చేతుల పిండి తుడుచుకుంటూ వచ్చి కొసన కూర్చుంది. అట్ల కొసాన కాదు, ఎనక్కి ఆనుకో అని చెప్పి, ఆనుకునేదాకా చూసి, అప్పుడు పని మొదలుపెట్టాడు. రెండు ఎండాకాలాలు పోయాక ఆ ఇంటివాళ్లే మళ్లీ పిలిపించారు. ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే గడపలో నిలబడి నవ్వాడు. "కుంగింది మార్తా, ఆ మూడో సీటు కుంగింది" అని. తాను చేసిన పని చెడిపోయిందని అంత సంతోషపడిన పనివాణ్ని నేను చూడలేదు.

ఇదీ మీ సాత్త్వికమూర్తి.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. సోఫా కట్టడం అయ్యాక, అడుగు గుడ్డ కొట్టి కింది పట్టీలు మూసేముందు, అందరికంటే ముందు తానే కూర్చునేవాడు. ఏ పట్టీ వదులుగా ఉందో, ఏ స్ప్రింగు మూలుగుతోందో కూర్చుంటేనే తెలుస్తుంది. "కూలితే నేను కూలాల, మీరు గాదు" అనేవాడు. నంద్యాల ఇళ్లలో చాలామంది దీనికి నవ్వి ఊరుకునేవాళ్లు. కొందరు మొహం చిట్లించుకొని, ఆయన పోయాక గుడ్డ తడిపి తుడిచేవాళ్లు. తుడిచిన సంగతి కూడా ఆయనకు తెలుసు.

ఆళ్లగడ్డలో ఒక పెద్దింటి అయ్య ఉన్నారు. పేరు చెప్పను, ఆదివారం ఆయనే వస్తారు, మీరే చూస్తారు. పదేళ్ల కిందట వాళ్ల నాయన నాటి టేకు సోఫా బాగు చేయడానికి ఈయన్ను పిలిచారు. వసారాలో మూడు రోజుల పని. నేను ఇక్కడ మిషను మీద గుడ్డలు కుట్టి బస్సులో పంపాను. మూడో రోజు మధ్యాహ్నానికి అంతా అయింది, అడుగు గుడ్డ ఒక్కటే మిగిలింది. ఆయన అలవాటు ప్రకారం కూర్చున్నాడు. అప్పుడే మహానంది నుంచి వస్తూ ఆ ఇంటి చుట్టాలు కారు దిగారు.

"ఏయ్ యోసేపూ, లేయ్. కూర్చునేదానికి మేము లేమా?" అన్నారు అయ్య. చుట్టాలు నవ్వారు.

ఈయన లేచాడు. అడుగు గుడ్డ కొట్టడానికి అప్పటికే నోట్లో మేకులున్నాయి. మేకులన్నీ చేతిలోకి ఉమ్మి జేబులో వేసుకున్నాడు. "పని కాలేదయ్యా. నేను కూర్చోకుంటే పని అయినట్టు గాదు" అని చెప్పి, సుత్తి సంచిలో పెట్టుకొని, కూలి అడగకుండా బస్టాండుకు నడిచొచ్చేశాడు.

ఆ సాయంత్రం నేను ఊరుకోలేదు. మూడు రోజుల కష్టం, నా కుట్టు, అంతా ఒక్క నిమిషం కూర్చోవడం కోసం వదిలేసి వస్తావా, ఆ కాస్త కూర్చుంటే నీకు ఏమొచ్చేది అని అడిగాను. నోట్లో ఏమీ లేదు. సుత్తి సంచి మూలన పెట్టాడు. చివరికి అన్నాడు.

"కూర్చోనియ్యలేదని గాదు మార్తా. లేయ్ అంటానే లేస్తి. నాకు దాని మీద కోపం."

ఆ మాట పదేళ్లు నాలోనే పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు రెండుసార్లు కబురు పెట్టారు. రెండుసార్లూ పోయాడు, వాకిట్లోనే నిలబడి, ముందు నేను కూర్చుంటా, తర్వాత గుడ్డ కొడతా అన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. తిరిగొచ్చాడు. ఆ టేకు సోఫాకు ఈ రోజుకీ అడుగు గుడ్డ లేదు. పైన చూస్తే రాజుగారి ఆసనం, కింద చూస్తే బొంత.

ఆయన మీద కూడా నాకు కోపముంది, అదీ రాయమన్నాను. ఊరందరి సోఫాలూ లేపినవాడు మా సోఫాను పద్నాలుగేళ్లు అలాగే వదిలేశాడు. ఒక లాడ్జివాళ్లు పారేస్తుంటే ఆటోలో వేసుకొచ్చిన సోఫా అది. నడిమి సీటు గుంత. ముగ్గురు కూర్చుంటే ముగ్గురూ జారి ఆ గుంతలోనే పడేవాళ్లు. ఎప్పుడడిగినా చేస్తాలే అనేవాడు. ఈ శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకోవాలనుకున్నాం. వాక్యం చెప్పేవాళ్లు గుంతలో పడి చెప్పాలా అని నేను ఒకటే సతాయించాను. సోమవారం విప్పాడు. అంతకు ముందు రోజే దవడ లాగుతోందని అన్నాడు. మేకులు కరిచి కరిచి ఆయనకు దవడ నొప్పి ఎప్పుడూ ఉండేదే. లవంగ నూనె పెట్టి పడుకోబెట్టాను. గుండె నొప్పి దవడలోకి కూడా వస్తుందని, ఆయన పోయాక వచ్చిన డాక్టరు చెప్పాడు. ముందు రోజు నాకెవరు చెప్పాలి? ఆయన చెప్పాలి. ఇది మేకుల నొప్పి కాదు మార్తా అని ఆ ఒక్క మాట చెప్పి ఉండాలి. చెప్పలేదు.

మట్టి చేసిన మరునాడు ఆళ్లగడ్డ అయ్య పూలదండ తీసుకొని కారులో వచ్చారు. మా గదిలో సోఫా ఇంకా తలకిందులుగానే ఉంది. పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చొని, దానియేలన్న వింటుండగా, "యోసేపు మా ఇంటి మనిషమ్మా. ఇన్నేండ్లలో నోరు తెరిచి ఒక్క మాట అనలే" అన్నారు.

నేను గోడకు ఆనుకొని చాప మీద ఉన్నాను. "మీ ఇంటి మనిషి మీ ఇంట్లో యాడ కూర్చునేటోడయ్యా?" అని అడిగాను.

జవాబు లేదు. ఆయన నోట్లో మేకులు కూడా లేవు.

దానియేలన్న నా చెయ్యి పట్టుకొని, దుఃఖంలో ఉంది, పట్టించుకోవద్దని అయ్యతో చెప్పాడు. ఆదివారం మొదట మాట్లాడేది అయ్యే అని కూడా ఒప్పుకొని పంపాడు. ఆ మాటే తీసుకెళ్లి కాగితంలో పెట్టాడు, పల్లెత్తు మాట అనని మూర్తి అని. అన్నా, నువ్వు మంచివాడివే. కానీ ఆయన జీవితంలో నోరు తెరిచి అన్న మాటలన్నీ నువ్వు పూలతో కప్పుతున్నావు.

దానియేలన్న ఆ కాగితం చదివి పోయాక నేను సోఫా ముందు కూర్చున్నాను. సగం పట్టీలు ఆయన కొట్టినవి, సగం ఖాళీ. ఇన్నేళ్లూ గుడ్డలన్నీ నా చేతి కుట్టే, ఆయన చెయ్యి ఎలా ఆడుతుందో చూస్తూనే ఉన్నాను. మోకాలు చెక్కకు ఆనించి పట్టీని లాగాను. రెండు చేతులూ చాలలేదు. అప్పుడు మేకులు నోట్లో పోసుకున్నాను. ఆయన పెదవుల నుంచి తీసిన ఆ మూడు కూడా వాటిలోనే ఉన్నాయి. తుప్పు రుచి, ఉప్పు రుచి. నాలుక ఆడితే గుచ్చుకుంటుంది. ఇంత గుచ్చుకుంటుందని ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నాతో అనలేదు.

అదే సమయానికి దానియేలన్న మళ్లీ వచ్చి, కాగితం ప్రెస్సుకు ఇస్తున్నా, మార్పేమీ లేదు కదా అక్కా అని గుమ్మంలోంచి అడిగాడు. నా రెండు చేతులూ పట్టీ మీదున్నాయి, నోట్లో ఇరవై మేకులు. వద్దు అని తల ఊపుదామంటే పట్టీ జారుతుంది. నేను పలకలేదు. పలకకపోతే సరేనన్నట్టే కదా అనుకొని ఆయన సైకిలెక్కాడు.

ఆ ఒక్క క్షణంలో నాకు తెలిసింది, యోసేపును ఈ లోకం సాత్త్వికుణ్ని ఎలా చేసిందో. పట్టీ వదిలేసి, మేకులు నేల మీద ఉమ్మేసి, వీధిలోకి పరుగెత్తి అరిచాను. నంద్యాలలో సగం మంది విని ఉంటారు. దానియేలన్న సైకిలు దిగి వెనక్కొచ్చాడు. ఆ కాగితం తీసుకొని మడిచి, దిండు కింద పెట్టుకున్నాను. పుస్తకంలో నా మాటే వేయాలన్నాను. ఆయన సైకిలు గోడకు ఆనించి, చెప్పు అక్కా, రాయించు అన్నాడు. అదే ఇది.

యోసేపు పెద్ద చదువు చదవలేదు, సంఘంలో పదవి చేయలేదు. ఆయన లేని లోటు ఎవరు తీరుస్తారని దానియేలన్న రాశాడు. ఎవరూ తీర్చరు, అది నిజం. ఇక మీదట నంద్యాలలో సోఫాలు బాగవుతాయి. కూర్చోని మనిషిని వంటింట్లోంచి పిలిచేవాడు మాత్రం రాడు.

సోఫా పని నిన్నటికి అయింది. నడిమి గుంత పోయింది. అడుగు గుడ్డ ఇంకా కొట్టలేదు. ముండమోసిన మనిషివి, ఆదివారం చాప మీదే కూర్చో, సోఫా అయ్యకు, పాస్టరు గారికి వదిలెయ్ అని ఇప్పటికే నలుగురు ఆడవాళ్లు నాకు చెప్పి పోయారు. వాళ్లకూ ఇందులోనే జవాబు. ఆదివారం సోఫాను వాకిట్లోకి తెచ్చి వేయిస్తాను. అందరూ వచ్చాక, పాట మొదలుకాకముందు, మొదట నేను కూర్చుంటాను. కొసన కాదు, వెనక్కి ఆనుకొని కూర్చుంటాను. కూలితే నేను కూలాలి. కూలకపోతే పని అయినట్టు. ఆ తర్వాత ఆళ్లగడ్డ అయ్య వచ్చి నా పక్కన కూర్చుంటారో, నిలబడి మాట్లాడి పోతారో ఆయన ఇష్టం. ఆయన కూర్చుంటే, మా ఇంట్లో ఆయన్ను లేయమని అనేవాళ్లు ఎవరూ లేరు.