శ్రీశైలం నడకకు ముందు పదిహేను కిలోమీటర్లు

కాలినడకన శ్రీశైలం వెళతానంటే మా ఇంట్లో అందరికీ తోచింది ఒక్కటే, పెళ్లి మొక్కు. అమ్మ పక్కింటావిడకు కూడా అలాగే చెప్పేసింది. డిగ్రీ అయ్యాక మూడు కోర్సుల్లో చేరి మూడూ సగంలో మానేశాను. ఒక్కటైనా చివరిదాకా చేయగలనా అన్నదే నా బెంగ. అది చెబితే నాన్న, "దానికి శ్రీశైలం దాకా ఎందుకే, ఆ కోర్సొకటి పూర్తి చెయ్యి" అన్నారు.

శివరాత్రికి చేరేలా పదకొండు రోజుల నడక. కొత్తవాళ్లు ముందు ఒక పూట నడిచి చూపించాలని మా బృందం పెద్ద రమణమ్మగారి నియమం. అందుకే ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి వన్ టౌన్‌లో ఆవిడ ఇంటి నుంచి ఇద్దరం బయలుదేరాం. గొల్లపూడి, గుంటుపల్లి మీదుగా ఇబ్రహీంపట్నం వరకు, దాదాపు పదిహేను కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. గవర్నర్‌పేటలో కొన్న నా కొత్త బూట్లు చూసి, "సంచిలో వేసుకురా అమ్మా, వాటికీ పుణ్యం వస్తుంది" అన్నారు.

గొల్లపూడి దాటేసరికి ఎడమ మడమ మండటం మొదలైంది. పక్కనుంచి లారీ వెళ్లినప్పుడల్లా భుజాలు ముడుచుకుపోయేవి. గుంటుపల్లిలో ఇడ్లీ బండి దగ్గర ఆగినప్పుడు ఆవిడ గొంతు తగ్గించి, నెలసరి ఎప్పుడని అడిగారు. ఫోన్‌లో లెక్క చూశాను. పదో రోజు, దోర్నాల దాటాక అడవిలో. ఆడవాళ్లందరూ వాయిదా మాత్రలు వేసుకునే వస్తారట. ఒక ఏడాది వాటితో తనకు రెండు రోజులు వాంతులయ్యాయని కూడా చెప్పారు.

"వేసుకోకపోతే?" అన్నాను.

ఆవిడ ప్లేటు కింద పెట్టారు. "వంట దగ్గరికీ పూజ దగ్గరికీ రాకూడదు. గుళ్లోకి సరే సరి. రోడ్డు మీద నడవొద్దనడానికి మాత్రం నేనెవరిని?"

ఆ తర్వాత మడమ సంగతే మరిచిపోయాను. అడవిలో అందరికీ ఎడంగా ఒక్కదాన్నే పడుకోవడమే కళ్లముందు ఆడింది. తొమ్మిదిన్నరకు ఇబ్రహీంపట్నం చేరి మైలవరం నుంచి వస్తున్న బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బులక్కర్లేదు. ఇంటికొచ్చేసరికి మంచినీళ్ల గ్లాసు పక్కన మాత్రల అట్ట ఉంది. బస్సు దిగి విడిపోగానే రమణమ్మగారు అమ్మకు ఫోన్ చేశారట.

కాళ్లు ఆగిపోతాయేమోనని భయపడ్డాను, ఆగలేదు. ఇప్పుడున్న భయం వేరు, అది పోయేలా లేదు. నాకు చివర అంటే గర్భగుడో, గుడి బయటి గుమ్మమో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. మీరూ వట్టికాళ్లతో నడిచేట్టయితే, ఎండెక్కాక రోడ్డు అంచున తెల్లగీత మీద నడవండి, తారు కంటే తక్కువ కాలుతుంది.

మాత్రలు వేసుకోను. పదో రోజు వస్తే ఎడంగా తింటాను, ఎడంగా పడుకుంటాను. గుడి బయటిదాకా నడుస్తాను.