మామ, నేను, హెడ్ గాస్కెట్

మొన్న బోధన్ల ఒక పెండ్లికి పోతే ఏమైందో తెలుసా? పెండ్లి వీడియోల పెండ్లికొడుకు కన్న ముందు మా కారు పడ్డది! అది గూడ పైకెల్లి, డ్రోన్ కెమెరాల! ఇప్పుడు చుట్టాలందరు ఆ ముక్క ఒకరికొకరు పంపుకుంట నవ్వుడే నవ్వుడు. వేరేటోళ్ల నోటెంబడి ఇంకో తీరుగ వినేకన్న నేనే చెప్త, కూసోండ్రి.

మా కారు పాతదని మీకు ఎరుకే. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదనే. రోజు నిజామాబాద్ కెల్లి మాక్లూర్ బడికి వచ్చేది దాంట్లనే. ఎండకాలం సెలవులు ఇచ్చిన దినం ఇంటికి పోతుంటె టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటి కూసున్నది. ఎనుక సైలెన్సర్ కెల్లి తెల్లటి పొగ. ఎట్లనో ఇంటిదాంక తీస్కపోయి ఆయిల్ మూత ఇప్పి చూస్తినా, లోపట ఆయిలే లేదు! చిక్కటి మజ్జిగ లెక్క ఏదో ఉన్నది.

మెకానిక్ వచ్చిండు. చూసిండు. తలకాయ అడ్డం ఊపిండు.

"మేడం, హెడ్ గాస్కెట్ కాలిపోయింది. గింత పాత బండికి గంత పని చేసుడు దండుగ. తుక్కుల ఇచ్చేయుండ్రి."

హెడ్ గాస్కెట్ అంటే ఏం లేదు, ఇంజిన్ కింద భాగానికి, పైన హెడ్డుకు నడుమ పెట్టే పలుచటి రేకు. నీళ్లు, ఆయిల్, లోపటి మంట ఒకదాంట్లకెల్లి ఒకటి పోకుండ ఆపేది అదే. అది పోయిందంటే నీళ్లు పోయి ఆయిల్ల కలుస్తయి. నేను ఫిజిక్స్ టీచర్ను గద, పిల్లలకు ఇంజిన్ బొమ్మ ఏసి ఎన్నిసార్లు చెప్పిన్నో. చాక్‌పీస్‌తోటి ఏసిన ఇంజిన్ ఎన్నడు వేడి కాదు, అదొక్కటే తేడా.

మెకానిక్ పోయినంక వసారాలకెల్లి ఒక మాట వినవడ్డది.

"తుక్కుల ఎందుకేస్తరు బిడ్డా? గాస్కెటే గద. ఇప్పుదాం."

మా మామ! నాకు ఒక నిమిషం సమజ్ కాలే. ఎందుకంటే మా మామ అంత పొడుగు మాట మాట్లాడక ఎన్నేండ్లయిందో. ఆయన బోధన్ల షుగర్ ఫ్యాక్టరీల ఫిట్టర్. ఫ్యాక్టరీ బందయినంక మా ఇంటికొచ్చిండు. మా అత్త పోయినంక ఉన్న మాటలు గూడ తగ్గినయి. "తిన్నరా మామ?" అంటే "తిన్న". "గోలి ఏస్కున్నరా?" అంటే "ఏస్కున్న". గంతే మా ఇద్దరి ముచ్చట. కోపమేం కాదు. పెండ్లైన కొత్తల ఆయన ముందట నేను తలకాయ ఎత్తకపోతుంటి, అదే అలవాటైపోయింది. ఆయనకేమో కోడలు టీచరని ఒక తీరు గౌరవం. ఒకే ఇంట్ల ఇద్దరం అట్ల పక్కపక్కన నడుస్తున్నం, ఒకరికొకరం తాకకుండ.

మా ఆయనకు చెప్తె బట్టల షాపుల కెల్లి ఫోన్ల నవ్విండు. "మీరిద్దరా? ఇప్పేటందుకైతె ఎవరైన ఇప్పుతరు. మళ్ల బిగియ్యాలె గద!"

ఆ మాటకు నాకు పట్టుదల వచ్చింది. మామకు గూడ వచ్చినట్టుంది, అప్పటికే లోపటికి పోయి మంచం కింద పెట్టుకున్న పానాల డబ్బ గుంజుతున్నడు. తుప్పు పట్టలే ఒక్కటి గూడ! ఫ్యాక్టరీ బందయినా ఆ పానాలకు నూనె రాసుడు మాత్రం బంద్ చెయ్యలే అన్నట్టు.

తెల్లారి షురూ చేసినం. రేడియేటర్ నీళ్లు ఇడిసిపెట్టినం. పైపులు, వైర్లు ఇప్పినం. ఏ వైరు ఎక్కడిదో నేను ఫోటోలు తీస్తుంటె, ఆయన బోల్టులను పాత దుప్పటి మీద వరుసగ పేర్చిండు. టైమింగ్ బెల్టును మళ్ల గదే జాగల కూసోవెట్టేటందుకు గుర్తు కావాలంటే నా నెయిల్ పాలిష్ తెచ్చిన. మామ ఆ సీసను అటిటు తిప్పి చూసి, "మస్తు పనికొస్తది బిడ్డా ఇది," అన్నడు. నెయిల్ పాలిష్ ఇంట్ల ఒక మంచిపనికి వచ్చుడు అదే మొదలు.

హెడ్ లేపేటప్పుడు చెరో దిక్కు పట్టుకున్నం. మస్తు బరువు! కింద పాత గాస్కెట్ నడుమల నల్లగ కాలి ఉన్నది. మామ దాన్ని చేతుల పట్టుకొని చాలాసేపు చూసిండు. అటెన్క మాటలు మొదలువెట్టిండు. ఫ్యాక్టరీల ఆవిరి పైపులకు గాస్కెట్లు వాళ్లే కోసుకుంటుండ్రట, అన్నం పల్లెం కన్న పెద్దయి. చెరుకు ఆడే సీజన్ల ఇంటికొస్తె అంగికి బెల్లం వాసన వస్తుండెనట. "మీ అత్త ఆ అంగిని ఉతుకకపోతుండె. తెల్లారి మళ్ల గదే వాసన గద, ఎందుకు ఉతుకుడు అంటుండె," అని నవ్విండు. నేను గాస్కెట్ ముక్కలు గీకుకుంట వింటున్న. ఇన్నేండ్లల్ల మా అత్త ముచ్చట ఆయన నోటెంబడి వినుడు అదే ఫస్ట్.

హెడ్‌ను ఆటోల ఏసి లేత్ షాపుకు తీస్కపోయి అడుగు సాపు చేయించినం. కొత్త గాస్కెట్ తెచ్చినం. ఇగ పెట్టే టైమొచ్చింది.

మామ కొత్త గాస్కెట్‌ను రెండు చేతులతోటి పట్టుకొని మెల్లగ ఇంజిన్ మీద పెట్టిండు. టక్కున కూసున్నది. బోల్టుల తొర్రలన్నీ సరిగ్గ వచ్చినయి.

గప్పుడు నా దిమాక్‌ల ఒక చిన్న మాట కొట్టుకున్నది. కవర్లకెల్లి తీసినప్పుడు దాని మీద ఇంగ్లీషుల 'టాప్' అని రాసి ఉండె గద? ఆ అక్షరాలు ఇప్పుడు కనవడుతలేవేంది? అంటే పైకి ఉండాల్సింది కిందికి పోయిందా?

చెప్దామని నోరు తెరిచిన. మళ్ల అనుకున్న, మామ ఫ్యాక్టరీల గసుమంటివి ఎన్ని పెట్టి ఉంటడు! నేనేమో నిన్నగాక మొన్న పానా పట్టినదాన్ని. ఆయన ఇంత ఖుషిగ ఉన్నప్పుడు నేను తప్పు వట్టుడేంది? నోరు మూసుకున్న.

మామ గూడ ఒక తొర్ర మీద వేలు పెట్టి, ఆగి, నా దిక్కు చూసిండు. నేను నవ్విన. ఆయన గూడ నవ్విండు. హెడ్ పెట్టేసినం. నడుమ బోల్టుల కెల్లి అంచులకు, ఫోన్ల చూసి నేను వరుస చెప్తుంటె ఆయన బిగించిండు. పూరా శాస్త్రం ప్రకారం!

కొత్త ఆయిల్, నీళ్లు పోసి తాళం తిప్పంగనే ఇంజిన్ స్టార్టయింది! మామ బానెట్ మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకొని నిలవడ్డడు. గల్లీల ఒక రౌండ్ కొట్టినం, ఏ ఫికర్ లేదు. దిగంగనే, "గంగారాం మనుమరాలి పెండ్లికి దీంట్లనే పోదాం బిడ్డా. మా బాయిలర్ సెక్షనోళ్లు అందరు వస్తరు," అన్నడు. గంగారాం అంటే ఫ్యాక్టరీల ఆయనతోటి పని చేసిన దోస్తు.

పెండ్లి దినం తెల్లటి ధోతి, ఇస్త్రీ అంగి ఏసుకొని ముందు సీట్ల కూసున్నడు. ఎన్క సీట్ల మా ఆయన, ఒళ్లె గిఫ్టు డబ్బ పెట్టుకొని, "బస్సుల పోదామంటిని," అని మొదలువెట్టంగనే మామ ఎన్కకు తిరిగి ఒక్క చూపు చూసిండు. మా ఆయన కిటికీల కెల్లి బయిటికి చూసుడు షురూ చేసిండు.

ఎడపల్లి దాటంగనే ముల్లు మెల్లగ పైకి లేస్తున్నది. నేను చూసిన. కానీ మామ మస్తు జోరుగ ముచ్చట చెప్తున్నడు, ఏ పొలం ఎవరిదో, ఎవరు ఎన్ని బండ్ల చెరుకు తోలుతుండెనో. ఆపబుద్ధి కాలే. ఇంక జర దూరమే గద, పోతదిలే అనుకున్న.

పోయింది. సరిగ్గ ఫంక్షన్ హాల్ గేటు దాంక.

పూల కమాను కిందికి రాంగనే బానెట్ కెల్లి 'బుస్స్' మని ఆవిరి! కారు ఆగిపోయింది. మొత్తం తెల్లగ, కమాను గూడ కనవడుతలేదు. చెవుల మైకు పెట్టుకున్న పోరడొకడు ఉరుక్కుంట వచ్చిండు. "ఎవర్రా స్మోక్ ఇప్పుడే ఇడిసింది? పెండ్లికొడుకు ఇంక రాలే గదరా!" ఇయ్యాల రేపు పెండ్లికొడుకు వచ్చేటప్పుడు మిషన్ పెట్టి పొగ ఇడుస్తున్నరు గద, గదనుకున్నడు! పొగ చూసి బ్యాండోళ్లు గూడ మొదలువెట్టిండ్రు. పైన డ్రోన్ గుయ్యుమంటున్నది. వరుసగ నిలవడ్డ ఆడిపిల్లలు పూలు చల్లుడు షురూ చేసిండ్రు.

ఆ తెల్లటి పొగలకెల్లి, తెల్లటి ధోతిల, మా మామ దిగిండు.

"అంకుల్, గట్లనే! స్లోగ! ఇటు చూడుండ్రి!" అని ఫొటోగ్రాఫర్ ఒర్రుతున్నడు. తలకాయ మీద బంతిపూల రెక్కలు. పాపం మామకు ఏం చెయ్యాల్నో తెలువక రెండు చేతులు జోడించి అందరికి దండం పెట్టిండు. ఎన్క డోరు తీసి మా ఆయన గిఫ్టు డబ్బ మొకానికి అడ్డం పెట్టుకొని లోపటికి ఉరికిండు.

పొగ తేలిపోయింది. బాయిలర్ సెక్షన్ పూరా కారు సుట్టు మూగింది. రేడియేటర్ అని ఒకరు, పంపు అని ఒకరు. గంగారాం తాత మాత్రం నడుము మీద చేతులు పెట్టుకొని సూటిగ అడిగిండు.

"ఎవడు చేసిండు రా దీని పని?"

ఈ మనుషుల ముందట మామ ఇజ్జత్ పోతదేమో! అబద్ధం ఆడుదామని నోరు తెరిచిన. "అది, టౌన్ల ఒక మెకానిక్..."

"నేను చేసిన," అన్నడు మామ. "నేను, మా కోడలు. ఇద్దరం కలిసి చేసినం."

గంగారాం తాత నన్ను చూసిండు, మామను చూసిండు, కారును చూసిండు. "అందుకే గిట్లున్నది!" అన్నడు.

అందరు ఒక్కసారే పక్కున నవ్విండ్రు. నేను భయపడుకుంట మామ దిక్కు చూసిన. ఆయన గూడ నవ్వుతున్నడు! కండ్లల్లకెల్లి నీళ్లు వచ్చేదాంక, బానెట్ పట్టుకొని నవ్వుతున్నడు.

ఇంజిన్ సల్లబడేదాంక ఇద్దరం హాల్ మెట్ల మీద నీడకు కూసున్నం. పెండ్లికొడుకు గూడ వచ్చిండు, లోపట మంత్రాలు నడుస్తున్నయి.

"బిడ్డా," అన్నడు మెల్లగ. "గాస్కెట్ పెట్టినప్పుడు ఒక నీళ్ల తొర్ర సగం మూసుకున్నట్టు కనవడ్డది నాకు."

"మరి చెప్పలేదేంది మామ?"

"సదువుకున్నదానివి. ఫోన్ల సూసుకుంట చేపిస్తున్నవు. కొత్త దాని డిజైన్ గట్లనే ఉంటదేమో అనుకున్న."

నేను గూడ ఉన్నది చెప్పిన. "టాప్ అని రాసున్న దిక్కు కిందికి పోయింది మామ, గందుకే ఆ తొర్ర మూసుకున్నది. నేను చూసిన."

"అరె! మరి నువ్వెందుకు సెప్పలే?"

"మీరు పెట్టిండ్రు గద, ఎట్ల అనాలె అని..."

ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. చెరి సగం ఎరుక ఉన్నది మా దగ్గర. రెండు సగాలు కలిపితె ఆ దినమే అయిపోయేది. రోజు క్లాసుల నేనే ఒర్రుత, డౌట్ ఉంటే చెయ్యి ఎత్తుండ్రి, భయపడొద్దు అని. మా ఇంట్ల వసారాల నేనే చెయ్యి ఎత్తలే. గౌరవం అనుకుంట ఇన్నేండ్లు ఇద్దరం ఎన్ని మాటలు మింగినమో, ఇంజిన్ గూడ ఓర్సుకోలేక ఆవిరి ఇడిసింది.

కారును గుంజుకపోయే బండికి కట్టి ఇంటికి తెచ్చినం. లేత్ షాపాయన హెడ్‌ను చూసి, "మళ్ల అచ్చిండ్రా మేడం?" అన్నడు. ఇంకో కొత్త గాస్కెట్ తెచ్చి, పని మళ్ల మొదటి కెల్లి. కానీ ఈసారి తీరే వేరు!

"మామ, ఆ బోల్టు అది కాదు!"

"ఇదే బిడ్డా! నీ ఫోటో తప్పు!"

"ఫోటో ఎట్ల తప్పయితది? నువ్వే దుప్పటి మీద అటిటు చేసినవు!"

'నువ్వు' అన్న! నోట్లకెల్లి వచ్చినంకనే నాకు తెలిసింది. నాలుక కరుసుకున్న. మామకు వినవడ్డట్టే లేదు, "నేనెందుకు చేస్త? సూడు, దీని పొడుగు సూడు!" అని బోల్టు నా మొకం ముందట ఊపుతున్నడు. పక్కింటామె గోడ మీదికెల్లి తొంగి చూసింది. షాపు కెల్లి తిండికి వచ్చిన మా ఆయన గేట్లనే పరేషాన్ అయి నిలవడ్డడు. "బాపు, ఏమైంది? ఎందుకు లొల్లి? జర ఇద్దరు కూసొని..."

"నువ్వు లోపటికి పో!" అన్నం ఇద్దరం, ఒక్కటే గొంతుల.

బండి ఇప్పుడు ఫస్ట్ క్లాస్ ఉన్నది. బాల్కొండ దాంక పోయొచ్చినం, ముల్లు సగం గూడ దాటలే. మామ ముందు సీట్ల కూసొని దారి పొడుగున గేర్ ఎప్పుడు మార్చాల్నో చెప్పుకుంట వచ్చిండు, అది వేరే సంగతి.

వచ్చినంక రాత్రి అన్నం పెట్టిన. మామ పప్పుచారు కలుపుకొని ఒక బుక్క తిని ఆగిండు. గొంతు సవరిచ్చుకున్నడు.

"బిడ్డా, ఇగ అన్నీ చెప్పుకోవాలె అనుకున్నం గద. నీ పప్పుచారుల ఉప్పు తక్కువైతది."

"ఇయ్యాల్నా మామ?"

"కాదు. నువ్వు కోడలుగ వచ్చిన కాడికెల్లి."

నాకు సర్రున కోపం వచ్చింది. గరిటెతోటి ఇంత తీస్కొని నోట్లె ఏసుకున్న. తక్కువే ఉన్నది! మా ఆయన దిక్కు చూసిన, ఈయనకు గూడ ఎరుకేనా అని. ఆయన పల్లెం మీదికి వంగి మస్తు జోరుగ తింటున్నడు, రెండుసార్లు పిలిచినా తలకాయ ఎత్తలే.