పొట్టు ఎగరేసి చూసిన గాలి

మా మామకు గాలి మీద పట్టు ఎక్కువ. ఏళ్ల తరబడి జొన్నలు తూర్పారబట్టిన మనిషి, ఏ పూట ఏ దిక్కు నుంచి వీస్తుందో చెయ్యెత్తి చెప్పేవాడు. డెబ్బైల చివర్లో పటాన్‌చెరు రోడ్డు మీద ఫ్యాక్టరీ లేచాక ఆ విద్యంతా మా అత్త మంచం చుట్టూనే తిరిగింది. చలికాలం వచ్చిందంటే అత్తకు దమ్ము. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుము ఆగదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్లు. రోజూ పొద్దు వాలే వేళకు మామ వాకిట్లో నిలబడి గుప్పెడు జొన్నపొట్టు పైకి ఎగరేసేవాడు. అది ఇంటివైపు వస్తే ఫ్యాక్టరీ పొగ మా మీదికి వస్తున్నట్టు. "మంచం ఎన్కకు తియ్యుండ్రి" అని కేకేసేవాడు. నేనూ మా ఆయనా అత్తను దింపి, చెరోవైపు పట్టుకుని మంచాన్ని పెరట్లోకి మోసేవాళ్లం. గాలి మారితే మళ్లీ వాకిట్లోకి. మా ఆయన ఆ ఫ్యాక్టరీలోనే షిఫ్టు చేసి వచ్చేవాడు. ఆయన చొక్కా ఉతికితే నీళ్లు నల్లగా దిగేవి. పొగను తిట్టేదీ మేమే, దాని జీతంతో తినేదీ మేమే. నాకు విసుగొచ్చేది. మంచం మీద, పొట్టు మీద, దగ్గు మీద, అందరి మీదా.

పెరట్లో అత్తకు హాయిగా ఉంటుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. మా బెల్లం పొయ్యి అక్కడే ఉండేది. చెరకు కొట్టే కాలం, దమ్ము కాలం రెండూ ఒకటే. గానుగ ఆడిన రసం పెద్ద పెనంలో ఉడుకుతుంటే కింద ఎండిన చెరకు పిప్పి మండేది. అత్త కాళ్లు అటు చాపి కాచుకునేది. "ఇది మన పొయ్యి పొగ. తియ్యటి వాసన. ఇదేం జేస్తది?" అనేది. మేమూ అవునవుననేవాళ్లం.

ఒక చలికాలం ఫ్యాక్టరీలో సమ్మె వచ్చి పొగగొట్టాలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీ ఉన్న ముత్తంగి వైపు ఆకాశం తోమిన గిన్నెలా కనిపించింది. మామ అలవాటు కొద్దీ పొట్టు ఎగరేసి, "ఇగ ఏ దిక్కు వీస్తే మనకేంది!" అని నవ్వాడు. వెచ్చగా ఉంటుందని అత్త మంచాన్ని పెరట్లోనే ఉంచేశాం. మోత తప్పింది, నాకు పండగే. మా ఆయన పని లేక పొయ్యి దగ్గర కూర్చుని పిప్పి ఎగదోసేవాడు.

అత్తకు తగ్గాలి కదా. తగ్గలేదు. వారం తిరిగేసరికి పెదాలు నీలంగా మారాయి. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కునేది. "లోపలున్న పాత పొగ పోవాలె గదా, జెర ఆగుండ్రి" అన్నాడు మామ.

మర్నాడు పొద్దున్నే అత్తకు గంజి తాగిస్తూ తలెత్తాను. పొగ, మంచు కలిసి కొట్టం ఎత్తుకు మించి లేవకుండా మంచం మీదే కప్పులా నిలబడి ఉంది. అది ఫ్యాక్టరీది కాదు. ఫ్యాక్టరీ చల్లబడి వారమైంది.

చెప్పొచ్చు కదా అంటారు. ఏ నోటితో చెప్పను? జీతం ఆగిన ఇంటికి ఆ పొయ్యే అన్నం పెడుతోంది. పైగా, వచ్చిన పిల్లకు మన బెల్లం చేదైందని ఊరంతా ఆడిపోసుకోదూ? ఆ రోజు ఊరుకున్నాను. రెండో రోజూ ఊరుకున్నాను. అత్త దగ్గుతుంటే వీపు రాశాను, అంతే. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మూడో రోజు అత్త కళ్లు తేలేసింది. ఇక ఆగలేక, "మామా, ఒక్కసారి ఈడ పొట్టు ఎగరేసి చూడుండ్రి" అన్నాను.

"ఫ్యాక్టరీ బందయింది గదా, ఇంకేం చూడాలె?" అని కసిరాడు కానీ, గుప్పెడు తెచ్చి మంచం పక్కన ఎగరేశాడు. పొట్టు ఎటూ పోలేదు. నిలువునా అత్త బొంత మీదే రాలింది. మామ పొట్టును చూశాడు, పైనున్న పొగను చూశాడు, పొయ్యిని చూశాడు. కుండెడు నీళ్లు తెచ్చి మంట మీద కుమ్మరించాడు.

"పాకం పాడైతది గదనయ్యా!" అంది అత్త, అంత ఆయాసంలోనూ.

ఆమెను వాకిట్లోకి మార్చాం. సాయంత్రానికి ఊపిరి కాస్త కుదుటపడింది. బొంత మీది పొట్టు ఏరుకుంటూ నన్ను దగ్గరికి పిలిచింది.

"గింతమందిమి ఉన్నం, ఎవ్వలకూ తెల్వలే. నువ్వే నా పాణం నిలవెట్టినవు పిల్లా. ఎప్పుడు సూసినవే?"

"ఇయ్యాలనే అత్తమ్మా" అన్నాను.

నా తల మీద చెయ్యి పెట్టింది.