మామ గ్రీన్ అంటే అల్లుడికీ గ్రీనే

1986లో నన్ను ఖరగ్‌పూర్ రన్నింగ్ షెడ్డుకు లోకో ఇన్‌స్పెక్టరుగా వేశారు. లోకో ఇన్‌స్పెక్టరంటే ఇంజను నడిపేవాడు కాదు, నడిపేవాళ్ల వెనక నిలబడి వాళ్లెలా నడుపుతున్నారో చూసేవాడు. అంతకుముందు నేనూ డ్రైవరునే. అందుకని డ్రైవర్లు నా దగ్గర వేషాలు వేసేవారు కాదు. ఆ వేషాలన్నీ నాకు తెలుసని వాళ్లకు తెలుసు.

బండి నడుస్తున్నప్పుడు సిగ్నలు కనబడగానే డ్రైవరూ అసిస్టెంటూ దాని రంగును ఒకరికొకరు పైకి చెప్పుకోవాలన్నది నియమం. ఇద్దరి కళ్లూ పనిచేస్తున్నాయనడానికి అది రుజువు. ముందు ఎవరు చెప్పాలో మాత్రం నియమంలో లేదు. ఆచారంలో ఉంది. పెద్దవాడు కాబట్టి డ్రైవరు ముందు "గ్రీన్" అంటాడు, అసిస్టెంటు "గ్రీన్" అని అందుకుంటాడు. అది ఎవరూ నేర్పకుండానే వచ్చిన మర్యాద. నేనూ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో అలాగే అందుకున్నాను.

యాకోబు గారు మా షెడ్డులో గూడ్సు డ్రైవరు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో రెండు తరాలుగా ఉంటున్న తెలుగు క్రైస్తవ కుటుంబం వాళ్లది. మనిషి నెమ్మది, మాట తక్కువ, పని మీద ఒక్క మచ్చ లేదు. ఆ ఏడాది వేసవిలో ఒక ఉదయం ఆయన గూడ్సు బండితో వస్తున్నాడు. అసిస్టెంటుగా పడ్డవాడు సుధాకర్, ఆయన సొంత మేనల్లుడు. దారిలో ఒక చిన్న స్టేషను. స్టేషనుకు బాగా ముందే ఒక సిగ్నలు ఉంటుంది, దాన్ని డిస్టెంట్ అంటాం. అది ఎల్లో చూపిస్తే ముందున్న సిగ్నలు దగ్గర ఆగడానికి సిద్ధపడాలని అర్థం. నెలల తరబడి ఆ బండికి అక్కడ గ్రీనే ఇచ్చేవారు. ఆ రోజు మాత్రం స్టేషనులో ప్యాసింజరు బండి నిలబడి ఉంది కాబట్టి ఎల్లో ఇచ్చారు. యాకోబు గారు "గ్రీన్" అన్నాడు. సుధాకర్ "గ్రీన్" అన్నాడు. బండి జోరుగా వచ్చేసింది. ముందు ఎర్ర సిగ్నలు కనబడ్డాక పట్టిన బ్రేకు చాలలేదు. ఇంజను ఎర్ర సిగ్నలు దాటిపోయి, ప్యాసింజరు బండి చివరి పెట్టె కంటికి స్పష్టంగా కనిపించేంత దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దెబ్బ తగలకపోయినా ఎర్ర సిగ్నలు దాటిన డ్రైవరుకు ఆ రోజుల్లో ఒకటే గతి, సర్వీసు నుంచి తొలగింపు. ఇద్దరినీ సస్పెండు చేసి విచారణ వేశారు. విచారణలో మా శాఖ తరఫున కూర్చున్నది మిశ్రాజీ, నాకంటే సీనియరు లోకో ఇన్‌స్పెక్టరు. డిస్టెంటులో తాను గ్రీనే చూశానని సుధాకర్ వాంగ్మూలం ఇచ్చాడు. ముందు ఎర్ర సిగ్నలు ఉండగా డిస్టెంటులో గ్రీన్ వెలగనే వెలగదు, యంత్రమే ఒప్పుకోదు. కాబట్టి మామను కాపాడ్డానికి అల్లుడు అబద్ధం ఆడుతున్నాడని, ఇద్దరూ కూడబలుక్కున్నారని, ఇద్దరినీ తీసెయ్యాలని మిశ్రాజీ తేల్చేశాడు. ఆఖరి నిర్ణయం మా పెద్ద అధికారి ఘోష్ సాహెబ్‌ది. ఆయన సంతకం ఒక్కటే మిగిలింది.

నాకు ఒళ్లు మండింది. తప్పు జరగలేదని కాదు, జరిగింది. కానీ సుధాకర్ కళ్లలోకి చూసి అడిగినవాణ్ణి నేను. అబద్ధం ఆడేవాడి చూపు కాదది. గోల్ బజార్‌లో కిరాణా కొట్టు నడిపే మా నాన్నకు చెబితే, "బుద్ధి కర్మానుసారిణి అన్నారు, వాళ్ల టైమలాగుంది, నువ్వేటి సేస్తావు" అన్నాడు. యాకోబు గారిని కదిపితే అంతా దేవుడి చిత్తం అన్నాడు. మిశ్రాజీ నిర్లక్ష్యం అన్నాడు. తప్పుకు కారణం ఒకరు నుదుటి రాతలో ఉన్నదన్నారు, ఒకరు ఆకాశంలో ఉన్నదన్నారు, ఒకరు వాడి ఒంట్లోనే ఉన్నదన్నారు. రేపు అదే సిగ్నలు దగ్గర ఇంకొకడు అదే పని చెయ్యకుండా ఎలాగన్నది మాత్రం ముగ్గురూ చెప్పలేదు. నా జీతం దానికే.

ఒక ఆదివారం యాకోబు గారిని కలుద్దామని సైకిలు మీద ఓల్డ్ సెటిల్‌మెంట్ వెళ్లాను. ఇంట్లో ఆయన భార్య మరియమ్మ గారొక్కతే ఉంది, ఒంట్లో బాగుండక ప్రార్థనకు వెళ్లలేదట. నన్ను చూసి లేచి నిలబడింది. "కోటరు కాళీ సెయ్యమంటారు గావాల బాబూ. ఈ ఊరు దప్ప మాకింకో ఊరు తెల్దు. యేటికెల్లాల?" అంది. సంతకం ఇంకా పడలేదమ్మా అని మాత్రం చెప్పి చర్చి వైపు నడిచాను.

వాళ్ల చర్చిలో పాడే పద్ధతి ఒకటుంది. పెద్ద ఒకరు నిలబడి పాట చరణం అందిస్తారు, జనమంతా దాన్ని తిరిగి పాడతారు. చదువురాని ముసలివాళ్ల కోసం ఎప్పుడో మొదలైన పద్ధతి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ పాటల పుస్తకం ఉంటుంది, అయినా పద్ధతి మారలేదు. పాట అందించేది యాకోబు గారే. సస్పెండైనా సంఘం ఆ పని ఆయన దగ్గరనుంచి తీసుకోలేదు. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. ఆ పాట చిన్నప్పుడు ఆ వీధుల్లో తిరిగినవాళ్లందరికీ వచ్చినట్టే నాకూ వచ్చు. మనసు ఎక్కడో ఉందేమో, యాకోబు గారు రెండో చరణం వదిలేసి మూడో చరణం ఎత్తుకున్నాడు. జనమంతా మూడో చరణమే పాడారు. పుస్తకాలు తెరిచే ఉన్నాయి, కళ్లు పుస్తకాల మీదే ఉన్నాయి. ఒక్క గొంతు కూడా తడబడలేదు.

ప్రార్థన అయ్యాక సుధాకర్‌ను పక్కకు పిలిచాను. రెండో చరణం ఏమైందిరా అని అడిగాను.

"పాడినాం గదండి."

పుస్తకం చూపించి, మామ దాన్ని వదిలేశాడని చెప్పాను. వాడు నమ్మలేదు. పక్కనున్న ఇద్దరిని అడిగాడు. వాళ్లూ పాడామనే అన్నారు. అప్పుడు నేను మెల్లగా అడిగాను, ఆ రోజు డిస్టెంటులో ఏం చూశావురా అని. "గ్రీనే సూసినాను సార్. ఒట్టు. మావయ్య గ్రీన్ అన్నాక మరి నా కంటికింకేటి కనిపిస్తాది?" అన్నాడు. ఆ మాట అనేశాక వాడి మొహం తెల్లబోయింది. తానేం చెప్పాడో తనకే అప్పుడు వినబడింది. నాకు మాత్రం గుండె మీంచి బండరాయి దొర్లినట్టయింది. వాడి భుజం తట్టి, ఇక ఈ మాట ఎవరితోనూ అనకు, నేను చూసుకుంటానన్నాను.

కొత్త అసిస్టెంట్లకు సిగ్నళ్లు నేర్పడానికి షెడ్డులో ఒక దీపాల పెట్టె ఉండేది. మీట నొక్కితే మూడు రంగుల్లో ఏదో ఒకటి వెలుగుతుంది. దాన్ని పొడుగాటి వరండా చివర పెట్టించాను. డ్యూటీకి వచ్చిన అసిస్టెంట్లను ఒక్కొక్కరినీ పిలిచి ముందు ఒంటరిగా చూపించాను. అందరూ రంగులు సరిగ్గా చెప్పారు. ఆ తరువాత పక్కన వాళ్ల డ్రైవరును నిలబెట్టాను. మధ్యలో ఒకసారి ఎల్లో వెలిగినప్పుడు గ్రీన్ అనమని డ్రైవరు చెవిలో ముందే ఊదాను. చాలామంది అసిస్టెంట్లు గ్రీన్ అనే అందుకున్నారు. వాళ్లలో తెలుగువాళ్లున్నారు, బెంగాలీలున్నారు, బిహారీలున్నారు. మామా అల్లుళ్లు ఒక్కరూ లేరు. తరువాత అడిగితే కొందరు, తేడా అనిపించింది గానీ డ్రైవరు దాదా చెప్పాడు కదా అని ఊరుకున్నామన్నారు. మిగిలినవాళ్లు సుధాకర్‌లాగే తమ కంటికి గ్రీనే కనబడిందన్నారు. పెద్దల మాట చద్దిమూట అంటారు. అన్నం దగ్గర ఆ మాట నిజమే గానీ ఇంజను మీద ఆ మూట విప్పితే ప్రాణాలు పోతాయి.

తరువాత వరస తిరగేశాను. అసిస్టెంటు ముందు చెప్పాలి, డ్రైవరు ఆ తరువాతే నోరు విప్పాలి. డ్రైవరును మళ్లీ తప్పే చెప్పమన్నాను. ఈసారి తప్పు దాటిపోలేదు. ఒకసారి తన నోటితో ఎల్లో అనేసినవాడు దాన్ని వదులుకోడు. కొందరు "లేదు దాదా, పీలా, ఎల్లోయే" అని డ్రైవరుతో వాదనకే దిగారు. అప్పటిదాకా మర్యాదస్తులైనవాళ్లే. ఏ మనిషినీ మార్చలేదు, తిట్టలేదు, భయపెట్టలేదు. నాకు ఆ వరండాలోనే గెంతాలనిపించింది, వయసూ హోదా గుర్తొచ్చి ఆగాను.

ఈ సంగతి బయటికి పొక్కనివ్వకుండా అందరి దగ్గరా మాట తీసుకుని ఘోష్ సాహెబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన వినగానే కొట్టిపారేశాడు. పనిలో అనుభవం లేని కుర్రాళ్ల మీద ఇలాంటివి చెల్లుతాయి, రంగు రంగే కదా అన్నాడు. అయితే అనుభవం ఉన్నవాళ్ల మీదే చూద్దాం, మీరు ఒకసారి డ్రైవరు అవండి అన్నాను. ఏం చెయ్యాలో ఆయనకు చెప్పాను. ఆయనకు అందులో సరదా కనబడింది. అసిస్టెంటుగా ఎవరని ఆయన అడిగితే, మిశ్రాజీని పిలిపించమన్నాను.

మిశ్రాజీ ఇదేదో కంటి పరీక్ష అనుకుని ఘోష్ సాహెబ్ పక్కన నిటారుగా నిలబడ్డాడు. నేను మీటలు నొక్కాను. రెడ్, రెడ్. గ్రీన్, గ్రీన్. ఇద్దరి గొంతులూ కోరస్‌లాగ వినబడుతున్నాయి. ఎల్లో వెలిగించాను. ఘోష్ సాహెబ్ తాపీగా "గ్రీన్" అన్నాడు. మిశ్రాజీ గట్టిగా "గ్రీన్" అన్నాడు. నేను దీపం ఆర్పకుండా అలాగే ఉంచాను. ఘోష్ సాహెబ్ ఆయన వైపు తిరిగి, ఇంకోసారి చూడమని చెప్పాడు. మిశ్రాజీ చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

"అరే భాయ్, పీలా థా క్యా?" అన్నాడు, నాతో.

పీలాయే, మొదటినుంచీ పీలాయే అన్నాను. నేను సంతోషాన్ని దాచుకోలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు. వరస తిరగేసి రెండోసారి చేయించాను. ఈసారి మిశ్రాజీ ముందు ఎల్లో అన్నాడు, ఘోష్ సాహెబ్ గ్రీన్ అన్నాడు. "నహీ సాబ్, పీలా హై" అని తన పై అధికారికే వేలు పెట్టి చూపించాడు మిశ్రాజీ. ఆ మనిషి సర్వీసులో అధికారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి అయి ఉంటుంది. మిశ్రాజీని మెచ్చుకోవాలి. ఆ సాయంత్రమే, వాళ్లిద్దరూ కూడబలుక్కున్నారన్న తన మాటను వెనక్కి తీసుకుంటున్నట్టు స్వయంగా రాసిచ్చాడు.

ఘోష్ సాహెబ్ తొలగింపు పక్కన పెట్టాడు. రంగు తప్పుగా చూసినందుకు యాకోబు గారికి ఇంక్రిమెంటు ఆపాడు, సుధాకర్‌కు మందలింపుతో సరిపెట్టాడు. ఇకమీదట మా షెడ్డు బళ్లన్నిటిలోనూ అసిస్టెంటే ముందు సిగ్నలు చెప్పాలని ఉత్తర్వు వేశాడు. కబురు నేనే తీసుకెళ్లాను. మరియమ్మ గారు లోపలికి వెళ్లి, సర్దుకున్న ట్రంకుపెట్టె మూత తీసి చీరలు బయట పెట్టుకోవడం మొదలుపెట్టింది.

మళ్లీ డ్యూటీలోకి తీసుకునేటప్పుడు వాళ్లిద్దరినీ విడదీద్దామన్నారు. నేను పట్టుబట్టి ఒకే బండిలో వేయించాను. మేనమామా మేనల్లుళ్ల దగ్గర నిలిచిన పద్ధతి ఎవరి దగ్గరైనా నిలుస్తుందని నా వాదన. మొదటి ట్రిప్పుకు నేనూ ఎక్కాను. అదే దారి, అదే స్టేషను. డిస్టెంటు కనబడింది. నేను వెనకనుంచి యాకోబు గారి మొహం చూస్తున్నాను. ఆయన పెదవులు కదలబోయాయి.

"ఎల్లో, మావయ్యా" అన్నాడు సుధాకర్.

యాకోబు గారు తల తిప్పి సిగ్నలు వైపు మళ్లీ చూశాడు. "ఎల్లో" అన్నాడు. చెయ్యి బ్రేకు మీదకు వెళ్లింది. ఎర్ర సిగ్నలుకు బోలెడంత ముందే బండి నిలబడింది. ఆయన చెమట తుడుచుకుని మేనల్లుడితో అన్నాడు: "నా నోట్లో గ్రీనే ఉండిపోనాదిరా. నువ్వు ముందు అనీసినావు గాబట్టి సరిపోనాది."

కష్టమంతా పడ్డాక కూడా, ఉద్యోగం పోయినంత పనై తిరిగి వచ్చాక కూడా, ఆయన నోట్లో గ్రీనే ఉంది. దీన్నుంచి నేను తెలుసుకున్నది చెబుతాను. అలవాటూ పెద్దరికమూ మనకంటే ముందే ఇంజను ఎక్కి కూర్చుంటాయి. శిక్ష వేస్తే దిగవు, ప్రమాణం చేస్తే దిగవు. ఎవరు ముందు నోరు విప్పాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. బండి ఆగడానికి అది చాలింది.