పగిలిన వైపు కిందికి

మే నెలలో ఆ రోజు ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు నేను ఇసుక తిప్ప మీద చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. అంతకుముందు ముప్పై వేసవులు ఆ పని ఇద్దరం చేశాం. ఆ రోజు నేనొక్కణ్ణే.

రాజమండ్రికి ఎగువన, గోదావరి తగ్గినప్పుడు తేలే ఆ తిప్ప నిండా గులకరాళ్ళు ఉండేవి. వాటిలో రంగురాళ్ళు ఏరడం నా భార్య నాకు నేర్పింది. పుస్తకాల్లో వాటి పేరు అగేటు. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నడవాలి. మిగతా రాళ్ళు నల్లగా కనిపిస్తాయి, రంగురాయి మాత్రం వెలుతురును కొంచెం లోపలికి రానిస్తుంది. అనుమానం వస్తే నాలుకతో తడిపి చూసేది.

"ఆ మట్టి నోట్లో పెట్టుకుంటావేంటి?" అనేవాణ్ణి.

"మనం తాగే నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయేంటండీ?" అనేది.

ఆవిడ బడిలో టీచరు. ఏరినవన్నీ జూన్‌లో తరగతి పిల్లలకు పంచేసేది. అందుకే ఆవిడ పోయాక వెతికితే ఇంట్లో ఒక్క రాయీ లేదు.

ఆసుపత్రిలో ఆవిడ నన్ను కోరింది ఒక్కటే. "నా సమాధి మీద చలవరాయి వద్దండీ. మన రాయి ఒకటి పెట్టించండి." నేను తిప్పకు వెళ్ళిన మర్నాడే ఆవిడ ఏడాది జ్ఞాపకార్థ ప్రార్థన. తాపీమేస్త్రి నేను వెళ్ళిన రోజే తొమ్మిదింటికి సిమెంటు తీసుకొని సమాధుల తోటకు వస్తానన్నాడు.

తిప్ప సగం లేదు. యంత్రాలు తవ్విన గోతుల్లో నీళ్ళు పాచిపట్టి ఉన్నాయి. ఇసుకను ఇనప జల్లెడ మీద పోస్తున్నారు. ఇసుక లారీలోకి, గులకరాళ్ళు పక్కకి. లారీ చక్రాలు కూరుకుపోకుండా ఆ రాళ్ళనే బాటలో పరుస్తున్నారు. నది పడమటి కొండల నుంచి దొర్లించి, నున్నగా చేసి తెచ్చిన రాళ్ళు. వీళ్ళకు అవి చెత్త.

జల్లెడ పక్క గుట్టలో గంటసేపు వెతికాను. కోడిగుడ్డంత రాయి, తేనె రంగుది, ఒకటి దొరికింది. సంచిలో వేసుకొని వస్తుంటే కాపలా మనిషి అడ్డం వచ్చాడు.

"సంచిలో ఏంటండీ?"

"రాయి."

"పర్మిషన్ కాగితం ఉందాండీ?"

"రాయికా?"

"ఇసుకైనా రాయైనా ఇక్కడున్నదంతా కాంట్రాక్టరుగారిదేనండి. బయటికి పోకూడదండి."

లారీలోంచి డ్రైవరు తల బయటపెట్టాడు. "వజ్రాలేంటి మేష్టారూ?"

"వజ్రాలైతే మీ కాంట్రాక్టరు నీ చక్రం కింద వేస్తాడా? నీకే కాపలా పెడతాడు" అన్నాను.

కాపలా మనిషికి నా భార్య సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ అరిచాను కూడా. అతను నేల చూపులు చూస్తూ, "నా పని పోద్దండి" అని సంచి తీసుకొని బాట మీద దులిపాడు. డ్రైవరు చూడలేదనే అనుకుంటాను. లారీ కదిలి, చక్రం ఆ రాయి మీదుగా వెళ్ళింది.

కాపలా మనిషి వంగి, రెండు ముక్కల్లో పెద్దదాన్ని తీసి, తుండుతో తుడిచి ఇచ్చాడు. "పగిలిందైతే ఎవరూ అడగరండి. తీసుకెళ్ళండి."

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. రాయి నిండుగా ఉంటే తీసుకోవడం దొంగతనం, పగలగొట్టి ఇస్తే దయ. తిప్పకు తిప్పే ఎత్తుకుపోతున్నారు, గుప్పెట్లో పట్టే రాయికి నన్ను కాగితం అడిగారు. కాపలా మనిషి మీద కోపం లేదు. అతని చేత ఆ మాట అనిపించినవాడు ఆ ఇసుక మీద ఒక్కనాడూ చెప్పులు విప్పి నడిచి ఉండడు.

సమాధుల తోటలో మేస్త్రి ముక్కను కడిగి, తిప్పి తిప్పి చూశాడు. "లోపల చారలు ఎంత బాగున్నాయండీ! ఇటువైపు పైకి పెట్టేదాండీ?"

ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒక్క రాయినీ పగలగొట్టి చూడలేదు.

"పగిలిన వైపు కిందికి పెట్టు మేస్త్రీ" అన్నాను.

ఈ వేసవికి జల్లెడ తిప్ప చివరికంటా వెళ్ళింది. అక్కడ ఇప్పుడు ఎవరూ రాళ్ళు ఏరడం లేదు.