దేవదారు పెట్టె, రేకు గొట్టం

ఎండకు వేడినీ వానకు తడినీ ఇచ్చిన తండ్రికి ముందుగా స్తోత్రం. మోకాలికి మడత పెట్టినవాడు ఆయనే, ఆ మడత ఆయన ముందు వంగడానికే అని నా నమ్మకం. అది వంగనని మొండికేస్తే మనిషికి ఓపిక ఇచ్చేవాడూ ఆయనే. నాకు మాత్రం ఆ ఓపిక కొంచెమే ఇచ్చాడు. ఇచ్చినంతకే వందనాలు.

మాది మండపేట. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను, మా సంఘంలో పెద్దను. నెలకు ఒక ఆదివారం మాకు ప్రభువు బల్ల ఉంటుంది. ఆ రోజు రొట్టె, ద్రాక్షరసం మోకాళ్ల మీద ఉండి తీసుకుంటాం. నా భార్య పెళ్లయి ఈ ఊరు వచ్చిన నాటి నుంచి నలభై ఏళ్లు అలాగే తీసుకుంది. రెండేళ్ల కిందట ఆమె మోకాళ్లు అరిగాయి. ఆమె కోసం వెనక గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పాస్టరు గారు ఆ కుర్చీ దగ్గరికే వచ్చి ఇస్తారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆమె ఆ కుర్చీలో తల ఎత్తదు.

"రాజుగారి ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చున్నట్టుందండి," అంది ఒకరోజు.

డాక్టరు గారు ఉన్న మాటే చెప్పారు. "అరిగింది తిరిగి రాదండి. వెచ్చగా ఉంచితే కాసేపు బిగుతు తగ్గొచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోకండి." ఆ కాసేపు చాలనుకున్నాను. వేడినీళ్ల సంచి ఒక చోట కాలుతుంది, ఇంకో చోట తగలదు. అప్పుడే ఫోనులో ఇన్‌ఫ్రారెడ్ సౌనా ప్రకటన కనబడింది. చెక్కతో చేసిన చిన్న గది, ఆవిరి ఉండదు, గోడల్లో ఉన్న పలకల నుంచి వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. ఇద్దరం రాజమండ్రి వెళ్లాం.

షాపాయన రెండు రకాల చెక్క చూపించాడు. "ఇది హెమ్లాక్ అండి. ఇది సీడార్."

"సీడార్ అంటే?"

ఆయన ఫోనులో వెతికి, "దేవదారు అండి," అన్నాడు.

అక్కడ పడిపోయాను. బైబిల్లో దేవుని మందిరం కట్టడానికి కొండల మీద నరికి తెచ్చిన చెక్క అది. ఆ మాట చెవిన పడ్డాక ఆయన చెప్పిన వాట్లు, పలకలు, థర్మోస్టాట్లు ఒక్కటీ నా బుర్రకెక్కలేదు. నా భార్య మోచేత్తో పొడిచింది. "మోకాళ్లకి చెక్క పేరు తెలుస్తుందా ఏంటండీ? లోపల కాళ్లు చాపుకునే చోటుందో లేదో చూడండి." నేను చూడలేదు. ఒక్క మనిషి ముడుచుకుని కూర్చుంటే సరిపోయే పెట్టెను దేవదారు అని ఇంటికి తెచ్చుకున్నాను.

పెట్టె విడి చెక్కలుగా వచ్చింది. బిగించే మనిషి కంపెనీ నుంచి రావాలి. "రేపు పంపిస్తాం సార్" అని ఒకసారి, "ఎల్లుండి గ్యారంటీ సార్" అని ఇంకోసారి. పది రోజులు ఆ చెక్కలు హాల్లో గోడకు ఆనించి ఉన్నాయి. పరామర్శకు వచ్చిన ఒకావిడ వాటిని చూసి గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేంటి మాస్టారూ, కొంపదీసి అమ్మగారికి ఎలా ఉందండి?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. శవపెట్టె కాదని ఆవిడకు నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

చివరికి మా సంఘంలోని తమ్ముడొకాయన ముందుకొచ్చాడు. రైసుమిల్లుల్లో ధాన్యం ఆరబెట్టే డ్రైయర్లు బిగించడం ఆయన పని. "నేనున్నాగా మాస్టారూ! ముప్పై ఏళ్లుగా డ్రైయర్లు బిగిస్తున్నాను. ఇదెంతండి, అగ్గిపెట్టెంత!" అన్నాడు. నేను మూడు రోజుల సభలకు రావులపాలెం వెళ్లాల్సి ఉంది. ఆయన మీద భారం వేసి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి వెనక గదిలో పెట్టె నిలబడి ఉంది. వేరే వైరు లాగాడు, పెద్ద ప్లగ్గు పెట్టాడు, పెరట్లో గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తింగ్ ఇచ్చాడు. ఆ పనికి వంక పెట్టను. పెట్టె నెత్తి మీద నుంచి ఒక రేకు గొట్టం గోడలోంచి పెరటి వసారాలోకి పోతోంది. స్విచ్ వేస్తే గుయ్యిమని చప్పుడు. అదీ కంపెనీ వాళ్లదే అనుకున్నాను.

పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. నా భార్య లోపల అరగంట కూర్చుని బయటికొచ్చింది.

"ఎలా ఉంది?"

"ఫ్యాను కింద కూర్చున్నట్టుందండి."

అక్కడ మొదలైంది నా శ్రమ. కంపెనీకి ఫోను చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు. ప్రతిసారీ ఊరు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. "ముందుగా వేడెక్కనిచ్చారా సార్?" ఇచ్చాను. "తలుపు పూర్తిగా వేశారా సార్?" వేశానయ్యా. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్." నేను బడిలో ఎంత మొద్దు పిల్లవాడికైనా ఒక పాఠం అన్నిసార్లు చెప్పలేదు. ప్రార్థన కూటంలో ఎగతాళి వేరే. "మాస్టారూ, మీ డ్రైయర్లో అమ్మగారు ఇంకా ఆరలేదా అండి?" ఈలోగా బల్ల ఆదివారం వచ్చింది. ఆమె మళ్లీ ఆ కుర్చీలోనే, తల వంచుకుని.

ఆ తర్వాత ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనబడలేదు. ఒక మధ్యాహ్నం నా భార్య అన్నంలోకి వడియాలు వేయించింది. కరకరలాడుతున్నాయి.

"పాతవా?"

"కాదండి, మొన్న పెట్టినవే."

"ఈ ముసురులో ఎక్కడ ఎండాయి?"

"మీ పెట్టె దగ్గరేనండి."

వెనక గదిలో పెట్టె స్విచ్ వేసే ఉంది. వసారాలోకి వెళ్లి చూశాను. గొట్టం మూతి కింద బల్ల, బల్ల మీద పళ్లెం, పళ్లెంలో రెండో వాయి గుమ్మడి వడియాలు. మూతి దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంది. నేను ఏ వేడి కోసం ఇరవై రోజులుగా ఊళ్లూ పేర్లూ చెప్పుకుంటున్నానో ఆ వేడి మొత్తం అక్కడుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? మీరు ఫోను దించితే కదండీ! అయినా వేడి బయటికి పోవడమే దాని పద్ధతని మీ తమ్ముడే చెప్పాడు."

తమ్ముణ్ణి పిలిపించాను. ఆయన ఏ మాత్రం తొణకలేదు. "తేమ పోవద్దా మాస్టారూ? ఇంతున్న బెజ్జం పెద్దది చేసి మంచి ఫ్యాను బిగించాను. లేకపోతే సరుకు ముక్కిపోదా అండి?"

"సరుకేంటయ్యా! లోపలుంది ధాన్యం కాదు, మీ అక్కయ్య!"

"అక్కయ్యదైనా తేమ తేమేగా అండి," అన్నాడు.

ఫ్యాను ఊడదీయించాను. బెజ్జానికి ఆయనే చెక్క ముక్క కోసి అతికాడు. మామిడి చెక్క. నా దేవదారుకి మామిడి అతుకు. గొట్టం తీస్తుంటే నా భార్య, "మరి వడియాలో?" అంది.

ఆ సాయంత్రం ఆమె చెమటలు కారుతూ బయటికొచ్చింది. మంచం పట్టీ పట్టుకుని, కింద దిండు వేసుకుని, మెల్లగా ఒక మోకాలు, తర్వాత రెండోది ఆనించింది. రెండేళ్ల తర్వాత. నేను గోడ వైపు తిరిగాను.

"ఏమండీ, నిలబడ్డారేంటి? వేడి తగ్గకముందే ప్రార్థన చేయండి!"

ఆ సడలింపు ఉండేది కాసేపే. నా ప్రార్థనేమో సృష్టితో మొదలై దేశాలన్నీ చుట్టి వస్తుంది. నేను ఇంకా పరిపాలకుల దగ్గరే ఉన్నాను. "దేశాలు రేపు తిరగొచ్చు, ముందు ఆమెన్ అనండి, బిగుసుకుంటున్నాయి," అంది. నలభై ఏళ్లలో సంఘంలో ఎవరూ నా ప్రార్థన మధ్యలో ఆపలేదు. ఇప్పుడు రోజూ ఇదే వరస.

మా ఆరాధనలో బల్ల చివర్న వస్తుంది. అప్పటికి ఆమె మోకాళ్లు మళ్లీ కర్రలు. వచ్చేది బల్ల ఆదివారం. ఆ ఒక్కసారికి బల్ల ఆరాధన మొదట్లోనే పెట్టమని పాస్టరు గారిని అడిగాను. క్రమం తప్పుతుందని ఇద్దరు పెద్దలు గొణిగారు. పాస్టరు గారు సరేనన్నారు. తమ్ముడు గుమ్మంలోకే ఆటో తెస్తానన్నాడు. ఆమె పెట్టెలోంచి లేచి, చెమట తుడుచుకుని, చీర మార్చుకుని బల్ల దగ్గరికి చేరేదాకా ఆ వెచ్చదనం నిలవాలి. నిలుస్తుందో లేదో నాకు తెలియదు.

ఇది చదువుతున్న మీరు ఎక్కడున్నా ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: తండ్రీ, ఆ కాస్త దూరం ఆ వేడిని కాపాడు, ఆమె నీ ముందు మోకరించనియ్యి. అంతే చాలు, ఆమెన్ అనేయండి. పొడిగించకండి, ఆమె మోకాళ్లకు అంత సమయం లేదు.